గట్టు మీద సైకిల్, రాళ్ళలో జమాఖర్చు

వాషింగ్టన్ నగరంలో, జార్జ్‌టౌన్ షాపుల వెనక సందుల్లో మొదలై పొటోమాక్ నది పక్కనే పడమటి కొండల్లోకి 184.5 మైళ్ళు పోయే పాత కాలువ ఒకటుంది. పేరు చెసపీక్ అండ్ ఒహాయో కెనాల్. ఇక్కడందరూ సి అండ్ ఓ అంటారు. సరుకు పడవలు ఆగిపోయి నూరేళ్ళు దాటింది. చాలాచోట్ల నీళ్ళు కూడా లేవు, కాలువ అడుగున మొలిచిన మొక్కలు మానులైపోయాయి. గట్టు మాత్రం ఉంది. కంబర్లాండ్ అనే ఊరి దాకా ఆ గట్టు మీద నడవచ్చు, సైకిల్ తొక్కచ్చు. కార్ల గోల దాదాపు ఉండదు. నేను ఆ గట్టంతా ముక్కలు ముక్కలుగా, కొన్నిచోట్ల నడిచి, ఎక్కువ భాగం సైకిల్ మీద చూశాను. ఇది ఒళ్ళు తగ్గడం కోసం మొదలుపెట్టిన పని కాదు. మా నాన్న పెట్టిన చిచ్చు.

నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గోదావరి డెల్టా కాలువల మీదే గడిచింది. మా దగ్గరికి వచ్చినప్పుడు గుళ్ళూ, మాల్సూ, నయాగరా అన్నీ అయ్యాక, ఇక చూపించడానికి ఏమీ తోచక గ్రేట్ ఫాల్స్‌కి తీసుకెళ్ళాను, మెరీల్యాండ్ వైపు. అందరూ జలపాతం వైపు పోతుంటే ఆయన కాలువ దగ్గరే ఆగిపోయారు.

"ఒరే, ఇది లాకు కదరా!"

"అవును నాన్నా, లాకే."

"జలపాతం ఎక్కడికీ పోదులే గానీ, ముందు ఇది చూద్దాం ఆగు."

ఆ పూటకి జలపాతం చూడటం కుదరనే లేదు. లాకు అంటే, తెలియనివాళ్ళ కోసం, పడవను మెట్టు ఎక్కించే రాతి గది. ఇక్కడి గది సుమారు 100 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. అటూ ఇటూ చెక్క తలుపులు. మూసినప్పుడు రెండు రెక్కలూ కలిసే చోట ఎగువ వైపుకి ముక్కులా పొడుచుకొస్తాయి, అంచేత నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. పడవ కింది నుంచి లోపలికి వస్తుంది, దాని వెనక తలుపులు మూస్తారు, పై తలుపుల అడుగున ఉన్న చిన్న తూములు తెరుస్తారు. నీళ్ళు నిండేకొద్దీ పడవ లేస్తుంది. ఎనిమిదడుగులు లేచాక పై తలుపులు తీస్తే ముందుకు పోవడమే. పంపు లేదు, ఇంజను లేదు. ఇలాంటివి ఈ కాలువ మీద 74. జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్‌కి మొత్తం 605 అడుగుల ఎత్తు ఎక్కాలి.

ఆ రోజు పార్కు రేంజర్లు లాకు తెరిచి చూపిస్తున్నారు. తలుపుకి అడ్డంగా ఉండే పెద్ద దూలానికి వీపు ఆనించి నెట్టాలి. చూసేవాళ్ళని కూడా సాయం పట్టమంటే నాన్న ముందుకెళ్ళి నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులని మా ఇంట్లో మెట్లెక్కడానికి ఆలోచించే మనిషి, కాళ్ళు రాతి గట్టుకి తన్నిపెట్టి నెట్టారు. తలుపు కదిలింది. తర్వాత నా చేత రేంజరును ఒకటే ప్రశ్న అడిగించారు: లాకు చూసుకునేవాడికి జీతం ఎంతిచ్చేవాళ్ళని. తొలిరోజుల్లో ఏడాదికి 150 డాలర్లు, లాకు పక్కనే ఇల్లు, కూరలు పండించుకోవడానికి ఎకరం దొడ్డి.

"ఇల్లూ దొడ్డీ ఇస్తే మంచి ఉద్యోగమే. రాత్రి పడవొస్తే?"

లేవాల్సిందేనట. పడవ దూరంగా ఉండగానే బూర ఊదేవాళ్ళు, ఏ రాత్రయినా లేచి తలుపు తీయాలి. నాన్న తల ఊపి, "అయితే మంచి ఉద్యోగం కాదు" అన్నారు.

ఇక్కడ పడవల్ని లాగింది కంచరగాడిదలు. గట్టు మీద అవి నడుస్తుంటే పొడుగాటి తాడు చివర కాలువలో పడవ వచ్చేది. ఒక్కో పడవలో 120 టన్నుల దాకా బొగ్గు. రెండు జట్ల గాడిదలు, ఆరేసి గంటల డ్యూటీ. దిగిన జట్టు పడవ ముందు భాగంలోని కొట్టంలో నిద్రపోయేది. మా నానమ్మ కాపురానికి వచ్చింది కూడా కాలువ మీద పడవలోనేనని, గట్టు మీద మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళని అప్పుడు నాన్న చెప్పారు. ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

కారెక్కాక ఆయన అడిగిన ప్రశ్నే నన్ను కంబర్లాండ్ దాకా తొక్కించింది. "ఇంత రాయి చెక్కి కట్టి, ఎందుకు వదిలేశార్రా?" రైలొచ్చింది నాన్నా అన్నాను. "మనకీ రైలొచ్చిందిగా. మన కాలువలు ఉన్నాయిగా." దానికి నా దగ్గర జవాబు లేదు.

నాన్న వెళ్ళిపోయాక మొదట వర్జీనియా వైపు గ్రేట్ ఫాల్స్‌లో నడిచాను. అక్కడ ఇంతకంటే పాత కాలువ శిథిలాలున్నాయి. పొటోమాక్ మీదుగా కొండల అవతలి పడమటి దేశంతో వర్తకం జరగాలన్నది జార్జ్ వాషింగ్టన్ పట్టుదల. 1785లో కంపెనీ పెట్టారు, ఆయనే మొదటి ప్రెసిడెంటు. జలపాతాల్ని తప్పించడానికి మాత్రం పక్క కాలువలు తవ్వి, మిగతా దారంతా నదిలోనే పడవలు నడిపించాలన్నది పథకం. గ్రేట్ ఫాల్స్ దగ్గరి పని 1802లో పూర్తయింది, ఆయన 1799లోనే పోయారు. నది ఏడాదిలో కొన్నాళ్ళు ఉరుకుతుంది, కొన్నాళ్ళు ఎండుతుంది. అలాంటి నదిని నమ్ముకున్న వ్యాపారం నిలబడలేదు. ఇప్పుడక్కడ అడవిలో బండ మధ్య నిలువుగా కోసిన కోత ఒకటి మిగిలింది, దాని గోడకి నాచు పట్టి ఉంటుంది. కుక్కల్ని నడిపించుకుంటూ పోయేవాళ్ళు ఎక్కువ, ఆగి చూసేవాళ్ళు తక్కువ.

నదిని నమ్మలేం, పక్కన అసలు కాలువే తవ్వుదామన్నది తర్వాతి ఆలోచన. 1828 జులై 4న ప్రెసిడెంటు జాన్ క్విన్సీ ఆడమ్స్ పార పట్టుకుని శంకుస్థాపన చేశారు. పారకి చెట్టు వేరు అడ్డం వచ్చింది. ఆయన కోటు విప్పి మళ్ళీ పొడిచారు, జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా అదే రోజు, నలభై మైళ్ళ అవతల బాల్టిమోర్‌లో ఇంకో శంకుస్థాపన జరిగింది. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గం. ఇద్దరి గురీ ఒహాయో నదే, ఇద్దరూ పోవాల్సింది పొటోమాక్ లోయలోంచే. ముహూర్తం కూడా ఒకటే పెట్టుకున్నారు చూడండి.

నాకు తోడొచ్చింది మా పిన్ని కొడుకు. వాడిది సన్నటి టైర్ల రేసింగ్ సైకిల్. గంటకి ఎన్ని మైళ్ళు అన్నదే లోకం. మొదటిసారి వాన పడ్డ మర్నాడు వచ్చాడు, గట్టు మీద బురదలో టైరు దిగిపోయి, తిట్టుకుంటూ నడిపించుకుని తిరిగెళ్ళాడు. తర్వాత వెడల్పు టైర్ల హైబ్రిడ్ కొన్నాడు. ఈ గట్టుకి అదే సరి: మట్టి, కంకర, వేళ్ళు, గుంటలు. ఎక్కుడు అన్నది లాకు దగ్గర మాత్రమే తెలుస్తుంది, మిగతాదంతా చదును. వాడు ముందు పోయి ఎక్కడో ఆగేవాడు, నేను ప్రతి లాకు దగ్గరా దిగేవాణ్ణి. "అన్నయ్యా, రాయి రాయే కదా, ఎన్నిసార్లు చూస్తావ్?" అనేవాడు. చివరికి వాడే నాకు ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు, అది వేరే సంగతి.

సామాను గురించి రెండు మాటలు. నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. ఐదారు మైళ్ళకోచోట డేరా వేసుకునే స్థలం, చేతి పంపు, టాయిలెట్ ఉంటాయి. పంపు నీళ్ళలో అయోడిన్ వాసన వస్తుంది, చలికాలంలో పంపులకి హ్యాండిళ్ళు తీసేస్తారు. వేసవిలో గడ్డిలో కూర్చుంటే పిడుదులు పట్టుకుంటాయి. ఇంటికి రాగానే కాళ్ళూ మెడా చూసుకోవాలి, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. తిండికి పులిహోరను మించింది లేదు. ఎండలో పాడవదు, చేతులు కడుక్కోకుండా చెంచాతో తినచ్చు.

జార్జ్‌టౌన్ నుంచి గ్రేట్ ఫాల్స్ దాకా గురించి ఎక్కువ చెప్పను. అందంగా ఉంటుంది, నీళ్ళుంటాయి, ఆదివారం జనం తోసుకుంటారు. కాలువ ప్రభుత్వం చేతికి వచ్చాక, 1938 నుంచి 1942 దాకా నల్లజాతి కుర్రాళ్ళ శ్రామిక దళాలు ఈ కింది భాగాన్ని బాగుచేశాయి. మనం ఇక్కడ చూస్తున్న చాలా గోడలు వాళ్ళ చేతుల మీదుగా మళ్ళీ నిలబడ్డవే.

నాకు అసలు పట్టు దొరికింది సెనెకా దగ్గర. కాలువ ఒక వాగుని దాటాల్సిన చోట వాగు మీద రాతి వంతెన కట్టి, ఆ వంతెన మీద నీళ్ళు పారిస్తారు. అది అక్విడక్టు. సెనెకాలో లాకూ అక్విడక్టూ కలిపి ఒకే కట్టడం, ఈ కాలువలో అలాంటిది ఇంకోటి లేదు. రాయి ఎర్రటి ఇసుకరాయి. మూడు ఆర్చీల్లో ఒకటి 1971 వరదలో కొట్టుకుపోయింది. కాస్త పైకి నడిస్తే, చెట్లలో, రాళ్ళు కోసిన మిల్లు మొండిగోడలు కనిపిస్తాయి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాల వాళ్ళ ఎర్ర కోట ఉంది కదా, అందరూ ముందు నిలబడి ఫొటో దిగుతారు, దాని రాయి ఈ క్వారీల్లోదే. కాలువ మీదే ఊళ్ళోకి వెళ్ళింది. లాకు గోడ మీద చెయ్యి పెడితే, రాతి ముఖం మీద ఉలి గీతలు వరసగా, ఒకే వాలులో తగులుతాయి. కొన్ని లాకుల్లో రాళ్ళ మీద చిన్న చిన్న గుర్తులు కూడా ఉన్నాయి, బాణం లాంటివి, గుణకారం లాంటివి. ఎవరు చెక్కిన రాయి ఎవరిదో తెలియడానికి రాతిపనివాళ్ళు పెట్టుకున్న గుర్తులు. ఒకదాని ఫొటో నాన్నకి పంపితే, "కూలి లెక్క కోసం అయ్యుంటుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

మొనాకసీ అక్విడక్టు చూసినప్పుడు మాత్రం వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లవారి ఏడు, అంటే నాన్న సాయంత్రం టీ టైము. ఏడు ఆర్చీలు, 516 అడుగుల పొడవు, దగ్గర్లోని షుగర్‌లోఫ్ కొండ నుంచి తెచ్చిన లేత రంగు రాయి. 1829లో మొదలుపెట్టి 1833లో పూర్తి చేశారు. ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, పి.గన్నవరం పాత అక్విడక్టు గుర్తొచ్చిందన్నారు. అదీ కాటన్ కాలంలో, వైనతేయం పాయ మీదుగా నగరం లంకకి నీళ్ళు పంపడానికి ఇలాగే వరసగా ఆర్చీలు వేసి కట్టింది. "ఆర్చీ కింద నుంచి చూపించు, అడుగున పగుళ్ళున్నాయేమో" అన్నారు. ఉన్నాయో లేదో నాకేం తెలుస్తుంది. 1862లో, అమెరికా అంతర్యుద్ధంలో, దక్షిణాది వాళ్ళ కాన్ఫెడరేట్ సైన్యం దీన్ని పేల్చడానికి వచ్చింది. రాయి మరీ గట్టిది, వాళ్ళ దగ్గరున్న మందూ పనిముట్లూ చాలలేదు. పైగా లాకు చూసుకునే థామస్ వాల్టర్, దీన్ని వదిలేసి గట్టుకి గండి కొట్టుకోమని వాళ్ళని ఒప్పించాడంటారు. కంపెనీ మాత్రం శత్రువుకి దారి చెప్పాడని అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. చుట్టుపక్కలవాళ్ళు అతని తరఫున మాట్లాడారట. అలాంటి ఉద్యోగులు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు.

పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర కొండ నది మీదికి తోసుకొస్తుంది. కొండకీ నీటికీ మధ్య సన్నటి పేలిక లాంటి నేల. కాలువ కంపెనీ, రైలు కంపెనీ రెండూ అదే నేల కోసం కోర్టుకెక్కాయి. కేసు నడిచినంతకాలం ఇద్దరి పనీ అక్కడ ముందుకు సాగలేదు. 1832లో మెరీల్యాండ్ అప్పీళ్ళ కోర్టు కాలువ పక్షాన తీర్పిచ్చింది, తర్వాత ఇద్దరూ రాజీపడి ఇరుకులో సర్దుకున్నారు. ఆ కేసు నాటి 1830ల వాతావరణంతో అలంకరించిన 28వ నంబరు లాకు ఇల్లు అక్కడుంది. ఒక ట్రస్టు ఇలాంటి పాత లాకు ఇళ్ళు కొన్నింటిని రాత్రి బసకి అద్దెకిస్తుంది. తమ్ముడూ నేనూ ఒక రాత్రి ఉన్నాం. కరెంటు లేదు, కుళాయి లేదు, పక్క బట్టలు మనవే తెచ్చుకోవాలి. గోడలు అరచేతికి చల్లగా తగిలాయి. చిన్న కిటికీ, ఇరుకు మెట్లు. సామాను గట్టు మీద మోసుకురావాలి.

పులిహోర తిని పడుకున్నామో లేదో ఇల్లు కదిలింది. ఇంటి వెనక అతి దగ్గర్లోనే పట్టాలు. అదే బాల్టిమోర్ అండ్ ఒహాయో లైను, ఇప్పుడు వేరే కంపెనీది. గూడ్సు. డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. కాసేపటికి ఇంకోటి. తెల్లవార్లూ అంతే. ఇంటి ముందు లాకులో చుక్క నీరు లేదు, అడుగున గడ్డి పెరిగి ఉంది. తమ్ముడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, "కేసు గెలిచింది ఎవరన్నావ్ అన్నయ్యా?" అన్నాడు చీకట్లో.

నిద్రపట్టక నాన్న ప్రశ్న గురించే ఆలోచించాను. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ 1850లో. అప్పటికి ఒహాయో నది దాకా వెళ్ళాలన్న మాటే వదిలేశారు, డబ్బు లేదు. ఇక్కడ కాలువ బతుకంతా పడవ మీదే, ముఖ్యంగా కంబర్లాండ్ బొగ్గు మీద. జార్జ్‌టౌన్‌లో పిండిమరలకి నీళ్ళు అమ్మారు గానీ అది చిల్లర ఆదాయం. కాటన్ దొరది వేరే లెక్క. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తీసిన కాలువల్లో పడవా నడిచింది, చేనుకీ నీరు పారింది. మన దేశానికి రైళ్ళకంటే కాలువలే మేలని ఆయన జీవితాంతం వాదించారు, 1870ల చివర్లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పారు. సరుకు రవాణా విషయంలో ఆయనా ఓడిపోయారు. మన లాకుల్లోనూ పడవలు పలచబడిపోయాయి. కానీ పడవ పోయినా వరి ఉంది, కాబట్టి కాలువని ఎవరూ వదల్లేదు. పొటోమాక్ లోయలో వానకి పండే మొక్కజొన్నకి కాలువ నీటితో పనిలేదు. మర్నాడు ఫోన్‌లో ఇదే చెబితే నాన్న కాసేపు ఆలోచించి, "పోనీలే, శిస్తు వసూలుండదు" అన్నారు.

అంతర్యుద్ధం కథల్లో పేరుపడ్డ హార్పర్స్ ఫెర్రీ ఊరు, ఆంటీటం యుద్ధభూమి ఈ దారిలోనే వస్తాయి. వాటి గురించి చదవడానికి కావలసినంత ఉంది, నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కాలువకి ఇవతల మెరీల్యాండ్, నదికి అవతల వర్జీనియా, అంతర్యుద్ధం దాకా రెండూ బానిసత్వం ఉన్న రాష్ట్రాలే. పారిపోయిన బానిసలు దారి తప్పకుండా ఉత్తరానికి వెళ్ళడానికి ఈ గట్టు కూడా వాడుకున్నారు. పగలు సైకిల్ మీద హాయిగా పోయే గట్టు అది. రాత్రి, దీపం లేకుండా, ప్రతి రెండు మూడు మైళ్ళకీ ఒక లాకు ఇల్లు, అందులో మెలకువగా ఉన్న మనిషి. ఆ దారి ఎలా నడిచారో నాకు ఊహకందదు. ఆ గట్టు తవ్విన ఐరిష్ కూలీల కష్టం కూడా తక్కువది కాదు. 1832లో కలరా వాళ్ళ గుడిసెల్ని చుట్టేసింది.

బిగ్ స్లాక్‌వాటర్ అనే చోట కాలువే ఉండదు. కొండరాయిని తొలవడం ఖర్చని, ఆనకట్ట కట్టి నిలవేసిన నది నీళ్ళలోనే పడవలు నడిపారు, గట్టు కొండ అంచున చెక్కారు. 1996 వరదల్లో ఆ దారి పాడై, 2012లో సిమెంటుతో కట్టి తెరిచారు. మొత్తం దారిలో సైకిల్ తొక్కడానికి ఇంత సుఖమైన చోటు లేదు. విలియమ్స్‌పోర్ట్‌లో అక్విడక్టు గోడ 1920లో కూలి, పడవ కింద వాగులో పడింది. 2019లో బాగుచేసి మళ్ళీ నీళ్ళు పెట్టారు. ఊరి పిల్లలు అక్కడ గాలం వేస్తున్నారు.

హాన్‌కాక్ దాటాక మనుషులు తగ్గుతారు, ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. మేం వెళ్ళింది సెప్టెంబరు. గట్టు పక్కన పెద్ద పెద్ద ఆకుల చెట్లు, కింద రాలిన పచ్చటి కాయలు. పాపా పండ్లు. సీతాఫలం కుటుంబానిదే ఆ చెట్టు. కోస్తే లోపల పసుపు గుజ్జు, నల్లటి గింజలు, అరటికీ మామిడికీ మధ్య రుచి. షాపుల్లో దొరకవు, ఒకట్రెండు రోజులకే మెత్తబడిపోతాయి. మా సైకిల్ బ్యాగు వాటి రసంతో జిగటగా తయారైంది.

నాన్న ప్రశ్నకి అసలు జవాబు ఈ పై భాగంలోనే రాళ్ళలో కనిపించింది. కింద లాకుల గోడలు నున్నగా చెక్కిన దిమ్మలు, గోరు కూడా పట్టనంత సన్నగా అతుకులు. ఇక్కడ, 58వ నంబరు నుంచి 71 దాకా, గోడలు గరుకు బండలతో కట్టేశారు. నీరు కారకుండా, పడవ రాసుకోకుండా పైన చెక్క తాపడం చేశారు. చెక్క ఎప్పుడో కుళ్ళిపోయింది, ఇప్పుడు బండలే పళ్ళికిలించుకుని కనిపిస్తాయి. చెక్కుడు రాయికి డబ్బు లేక చేసిన పని అది. అంచనాలు పెరుగుతూనే పోయాయి, కంబర్లాండ్ చేరేసరికి ఖర్చు కోటి డాలర్లు దాటింది. ఫొటో చూసి నాన్న వెంటనే, "మేస్త్రీ తప్పు కాదురా, ఎస్టిమేటు చాలలేదు" అన్నారు. ఆయన సర్వీసులో ఎన్ని చూశారో.

అక్కడే ఇంకో విచిత్రం. లాకుల నంబర్లు 62, ఆ తర్వాత 63⅓, 64⅔, ఆ తర్వాత 66. ఖర్చు తగ్గించుకోవడానికి ఒక లాకు కట్టడమే మానేశారు. పైన కంబర్లాండ్ దగ్గరి లాకులకి అప్పటికే నంబర్లు వేసేశారు. మధ్యలో ఒక అంకె ఎగిరిపోతే బాగుండదని భిన్నాలతో సర్దారు. ఆఫీసు బుర్ర ఏ దేశంలోనైనా ఆఫీసు బుర్రే. తమ్ముడు 63⅓ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయమన్నాడు. దారి మొత్తంలో వాడు తనంతట తాను అడిగిన మొదటి ఫొటో అది.

దాన్ని దాటితే పాపా సొరంగం. నది అక్కడ గుర్రపు నాడాల్లా మెలికలు తిరుగుతుంది. ఆరు మైళ్ళ మెలికలు తప్పించడానికి కొండలోంచి 3,118 అడుగులు తొలిచారు. 1836లో మొదలుపెట్టినప్పుడు రెండేళ్ళలో అయిపోతుందన్నారు. కాంట్రాక్టరు లీ మాంట్‌గోమరీ, మతబోధకుడు కూడా. కొండరాయి పొరలు పొరలుగా ఊడి మీద పడేది. జీతాలు ఆగాయి, కూలీల మధ్య కొట్లాటలు అయ్యాయి, సైన్యం దిగింది. ఆయన దివాలా తీశాడు. పని మధ్యలో ఏళ్ళ తరబడి ఆగి, చివరికి 1850లో పడవ దాటింది. లోపలి తాపడానికి దాదాపు 60 లక్షల ఇటుకలు పట్టాయి.

సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి, టార్చి తప్పనిసరి. లోపల ఆగస్టులో కూడా చలి. పైనుంచి నీటి చుక్కలు మెడలో పడతాయి, గట్టు మీద గుంటలు, పక్కన చీకట్లో నీళ్ళు. గట్టుకి చెక్క కమ్మీ ఉంది. దాని మీద వేళ్ళు పెట్టి నడిచాను. కొంచెం దూరానికి వేలు ఒక గాడిలో దిగింది. టార్చి వేస్తే, ఒకదాని పక్కన ఒకటి, నున్నటి గాళ్ళు. తడిసి ఇసుక పట్టిన తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకుని కోసిన కోతలు. తమ్ముడు కూడా ఆగాడు. వాడేమీ అనలేదు గానీ, వాడి వేలు కూడా గాడిలో పెట్టి చూశాడు.

సొరంగంలో రెండు పడవలు ఎదురెదురు పట్టవు. ఒకసారి ఇద్దరు కెప్టెన్లు మధ్యలో ఎదురుపడి, నువ్వు వెనక్కి తీయమంటే నువ్వు తీయమని రోజుల తరబడి మొండికేశారట. వెనక పడవలు బారులు తీరాయి. చివరికి కాలువ అధికారి పచ్చి మొక్కజొన్న చొప్ప తెప్పించి, గాలి వచ్చే వైపు నిప్పు పెట్టించి పొగబెట్టాడని చెప్పుకుంటారు. పొగ తప్ప ఇంకేదీ లొంగదీయని మనుషులు మన వైపూ తక్కువ లేరు.

1889లో పెద్ద వరద వచ్చి కాలువని చీల్చేసింది. దివాలా తీసిన కంపెనీ వ్యవహారం చివరికి ఎవరి చేతికి వెళ్ళిందంటే, రైలు కంపెనీ మనుషుల చేతికే. వాళ్ళు ఇంకో మూడు దశాబ్దాల పైన పడవల్ని నడవనిచ్చారు. 1924 వరదతో అదీ ముగిసింది. 1938లో ప్రభుత్వం 20 లక్షల డాలర్లకి కొంది. తర్వాత ఈ గట్టు మీద కారు రోడ్డు వేద్దామన్నారు. 1954లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ రోడ్డుని సమర్థిస్తూ సంపాదకీయం రాస్తే, సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్, నాతో కలిసి గట్టంతా నడిచి చూసి అప్పుడు రాయండని సవాలు చేశారు. మార్చిలో, కంబర్లాండ్ నుంచి మొదలుపెట్టి ఎనిమిది రోజులు నడిచారు. బయల్దేరినవాళ్ళు 58 మంది, చివరిదాకా నడిచినవాళ్ళు తొమ్మిది మంది. పత్రిక మెత్తబడింది. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది. ఒక జడ్జి నడిస్తే ఇంత పని జరుగుతుందా అనిపిస్తుంది గానీ, ఆ తొమ్మిది మందికి కాళ్ళు ఎలా ఉన్నాయో ఆ గట్టు మీద రోజంతా గడిపినవాళ్ళకి అర్థమవుతుంది.

కంబర్లాండ్‌లో దారి రైలు స్టేషను దగ్గర తేలుతుంది. అక్కడి లాకులు మళ్ళీ చెక్కుడు రాయివే. డబ్బున్న 1830ల్లోనే కట్టేశారు కాబట్టి, ఊరు దగ్గరపడేకొద్దీ గోడలు నున్నగా అవుతాయి. సైకిళ్ళకి ముందే బుక్ చేసుకుంటే ఆమ్‌ట్రాక్ రైల్లో వాషింగ్టన్ తీసుకొస్తారు, మూడు గంటల చిల్లర. పట్టాలు అవే, పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో వాళ్ళవి. 28వ లాకు ఇల్లు కిటికీలోంచి కనిపించేలోపే వెనక్కి పోయింది.

కాలువ పేరులో ఉన్న ఒహాయోకి కాలువ ఎప్పుడూ చేరలేదు గానీ, కంబర్లాండ్ నుంచి పాత రైలు కట్టల మీద ఇంకో 150 మైళ్ళ సైకిల్ దారి పిట్స్‌బర్గ్‌కి పోతుంది. ఒహాయో నది మొదలయ్యేది ఆ ఊళ్ళోనే. తమ్ముడు రైల్లోనే మ్యాపు తీసి వచ్చే వేసవికి రూట్ గీసేశాడు. కంబర్లాండ్ నుంచి మొదటి ఇరవై మైళ్ళకి పైగా అంతా ఎక్కుడే, ముందు గేర్లు బాగుచేయించుకో అన్నాను.